చీటీలో వచ్చింది దేవుడి ఇష్టమేనా?

"శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మరి నేను తీసుకునే నిర్ణయాలు నావా, ఆయనవా? అసలు దేవుడి ఇష్టం ఏమిటో మనిషికి తెలుస్తుందా?" అని మీరు అడిగారు. నేను పండితుణ్ణి కాను. మా ఇంట్లో జరిగిన రెండు సంగతులు చెబుతాను.

2009లో నాకు పుణెలో ఉద్యోగం వచ్చింది. వెళ్లాలా, రాజమండ్రిలోనే చిన్న ఉద్యోగమేదో చూసుకోవాలా అని ఇంట్లో ఒకటే చర్చ. మా అమ్మ వేంకటేశ్వరస్వామి పటం ముందు 'వెళ్లు', 'వద్దు' అని రెండు చీటీలు మడిచి పెట్టి, పక్కింటి పాపను పిలిచి ఒకటి తీయమంది. 'వద్దు' వచ్చింది. నా మొహం చూసి అమ్మ, "పాప స్నానం చేయలేదులే, ఇంకోసారి వేద్దాం" అంది. ఈసారి 'వెళ్లు'. నాన్న పేపరు దించకుండానే, "ఒకటీ ఒకటీ. మూడోది వేస్తే మ్యాచ్ తేలిపోతుంది" అన్నారు. మూడోది ఎవరూ వేయలేదు. పుణె వెళ్లిపోయాను.

స్వామి ఇష్టం ఏమిటో ఆ రోజు తెలిసిందో లేదో గానీ, నా ఇష్టం మాత్రం మొదటి చీటీ విప్పగానే తెలిసిపోయింది. ఆ తర్వాత గమనిస్తూ వచ్చాను. దేవుడు తమకు చెప్పాడని జనం అనేది ఎక్కువగా, అప్పటికే తాము చేద్దామనుకుంటున్న పని గురించే. పొలం అమ్మొద్దని స్వామి చెప్పాడన్నవాళ్లను చూశాను. తమ్ముడి వాటా తమ్ముడికి ఇచ్చేయమని చెప్పాడన్నవాళ్లు ఇంతవరకు తగల్లేదు.

రెండోది చెప్పడం కష్టం. 2014లో ఒక రాత్రి నాన్నకు ఛాతీలో నొప్పి వచ్చింది. అమ్మ ఫోన్ చేస్తే, "గ్యాస్ అయ్యుంటుంది, మాత్ర వేసి పడుకోబెట్టు, పొద్దున చూద్దాం" అన్నది నేనే. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి అయిపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ "అంతే రాసిపెట్టి ఉంది, మన చేతుల్లో ఏముంది" అన్నారు. ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. రాసింది బ్రహ్మ అయితే తప్పు నాది కాదు కదా! ఏడాదిపాటు ఆ మాట పట్టుకునే నిద్రపోయాను. మధ్యలో ప్రమోషన్ వచ్చినప్పుడు మాత్రం అది నా కష్టమే అనుకున్నాను. బ్రహ్మ గుర్తుకు రాలేదు.

సంవత్సరీకానికి ఊరు వెళ్లినప్పుడు, మా వీధిలో ఉండే రిటైరైన తెలుగు మాస్టారి దగ్గర ఇదంతా కక్కేశాను. ఆయన ఓదార్చలేదు. గీత పద్దెనిమిదో అధ్యాయం తీసి 61వ శ్లోకం చూపించారు. ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి, యంత్రానికెక్కించిన బొమ్మల్లా అందరినీ తిప్పుతున్నాడని అందులో ఉంది. మీరు చెప్పిన చీమ సామెత లాంటిదే. ఒక్క శ్లోకం దాటి 63వ దానికి వస్తే, అదే కృష్ణుడు "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అంటాడు. అంటే ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అని. సాక్షాత్తూ దేవుడే ఎదురుగా నిలబడి చెబుతున్నా, చివరి మాట అర్జునుడికే వదిలాడు. "నువ్వు చెప్పినట్టే చేస్తాను" అని అర్జునుడు అనేది ఆ తర్వాత 73వ శ్లోకంలో.

బొమ్మలమైతే ఆలోచించుకోమనడం దేనికని అడిగాను. వేదాంత గ్రంథమైన బ్రహ్మసూత్రాలకు శంకరులు రాసిన భాష్యంలోని వాన పోలిక చెప్పారు మాస్టారు. దేవుడు వాన లాంటివాడు, మన కర్మ గింజ లాంటిది. వాన అన్ని గింజల మీదా ఒకేలా పడుతుంది, వరి గింజ వరిగా, యవ (బార్లీ) గింజ యవగా మొలుస్తుంది. వాన లేకపోతే ఏదీ మొలవదు, అలాగని ఏ మొక్క రావాలో తేల్చేది వాన కాదు. ఈ పోలికతో నా అనుమానాలన్నీ తీరాయని అనను. గింజను గింజగా చేసిందెవరని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ మాస్టారు చివర అన్నమాట ఎక్కడో తగిలింది. "మీ నాన్న ఆయుష్షు ఎంతో నాకు తెలీదురా. గ్యాస్ అన్నది మాత్రం నువ్వే."

ఆ సాయంత్రం అమ్మతో అదే చెప్పాను, తప్పు నాదని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నేనూ గ్యాసే అనుకున్నాను రా" అంది. రాసిపెట్టి ఉందని మాత్రం అనలేదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: దేవుడి ఇష్టం జరగక ముందు ఎవరికీ తెలీదు, జరిగాక అందరికీ తెలుస్తుంది. ఆ రెండో తెలివిని నేను పెద్దగా నమ్మను. దేవుణ్ణి నమ్ముతాను. ఎవరికైనా ఛాతీ నొప్పి అంటే ముందు 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు దండం పెట్టుకుంటాను.

అమ్మ చీటీలు మానలేదు. కాకపోతే ఈమధ్య మూడోది కూడా పెడుతోంది, అందులో ఏమీ రాయదు. అది వస్తే స్వామి మనకే వదిలేశాడని అర్థమట. పోయిన నెల మా చెల్లెలి కూతురు ఇంజనీరింగా, డిగ్రీనా అని వేస్తే ఆ ఖాళీదే వచ్చింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది.