రెండు రూపాయల మిత్తికి తెచ్చి స్లాబు పోయించవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడిని, జీతం 24,000. నా భార్య కుట్టుపనితో నెలకు 10,000 వరకు సంపాదిస్తుంది. ఇంటి ఖర్చులు 22,000, లక్ష రూపాయల చిట్టీకి 5,000 పోగా 7,000 మిగులుతాయి. 20 నెలల చిట్టీలో 11 కట్టాం. బ్యాంకులో 60,000 ఉన్నాయి. మే నెల జీతం రాదు. ఇంటి ముందు రెండు గదులకు పాత స్లాబు, వెనక రెండింటికి సిమెంటు రేకులు. నిరుడు మే గాలివానకు నాలుగు రేకులు లేచిపోతే టార్పాలిన్ కప్పి నెట్టుకొచ్చాం. స్లాబు కూడా కురుస్తోంది. రేకులు మార్చి బిగించడానికి 18,000, స్లాబు పగుళ్లు పూడ్చి పూత వేయడానికి 20,000 అవుతుందని మేస్త్రీ చెప్పాడు. ఎలాగూ ఖర్చు తప్పదు కనుక రెండు రూపాయల మిత్తికి 3 లక్షలు తెచ్చి వెనక గదులకూ స్లాబు పోయిద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: వద్దు. 38,000 రూపాయల మరమ్మతును 3 లక్షల అప్పుగా మార్చుకోవడం మన జిల్లాల్లో చాలా కుటుంబాలు చేస్తున్న పొరపాటే కాబట్టి మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6,000 వడ్డీకే పోతుంది. మీకు మిగిలే 7,000లో ఇక 1,000 ఉంటుంది, అసలు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఏడాది తిరిగేసరికి 72,000 కట్టి, అదే 3 లక్షలకు బాకీ ఉంటారు. పైగా రేకుల కోసం కట్టిన గోడలు స్లాబు బరువును మోయగలవో లేదో ఇంజినీరు చూసి చెప్పవలసిన విషయం, అది మేస్త్రీ మాట మీద తేల్చుకునేది కాదు.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మే నెల జీతం సంగతే నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది. మన ప్రాంతంలో ఈదురుగాలులు, వడగళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే విరుచుకుపడతాయి. అంటే కప్పు లేచిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న కాలంలోనే మీ ఇంటికి వచ్చే రాబడి 10,000కు పడిపోతుంది. చిట్టీతో కలిపి మీ నెల అవసరం 27,000 కనుక 17,000 లోటు పడుతుంది. అత్యవసర నిధి లేని ఇల్లు ఆ నెలలో అప్పిచ్చేవాడు చెప్పిన వడ్డీకి తల ఊపక తప్పదు. అందుకే ఆ 60,000ను మొత్తంగా కప్పు మీద పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఫిబ్రవరి మొదట్లో ఉన్నాం. ముందు రేకుల పని ఈ నెలలోనే 18,000తో ముగించండి. నిధిలో 42,000 మిగులుతుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మిగులు 21,000 అవుతుంది కనుక స్లాబు పనిని ఆ డబ్బుతోనే, మృగశిర కార్తె రాకముందే పూర్తి చేయించండి. మే లోటు పూడ్చుకున్నాక వానాకాలంలోకి మీరు 26,000తో అడుగుపెడతారు. అది ఒక నెల అవసరానికి కూడా చాలదు, కాబట్టి టైల్సు, రంగులు వంటి అదనపు పనులేవీ ఇందులోకి తేవద్దు.

పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. రేకుకు బోల్టు పడిన రంధ్రం చుట్టూ సన్నని చీలిక ఉన్నదేమో, వాషరు ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతున్నదేమో ప్రతి బోల్టు దగ్గరా చూడమనండి. గాలి లోపలికి చొరబడి రేకును ఎత్తేది ముఖ్యంగా చూరు అంచుల దగ్గరే కనుక అక్కడి బిగింపు వదులుగా ఉండకూడదు. రేకుల మీద బండరాళ్లు పెట్టి ఊరుకునే అలవాటు మాత్రం ప్రమాదకరం, పెనుగాలికి అవి మనుషుల మీద పడతాయి. స్లాబు మీద నీరు నిలిచే చోటును, పిట్టగోడ మొదలును సరిచేసి, వాటం కుదిర్చాకే పూత వేయించాలి, లేకపోతే ఆ 20,000 వృథా అవుతుంది.

జూన్‌లో జీతం మళ్లీ మొదలయ్యాక 7,000లో 5,500 అత్యవసర నిధికి, 1,500 కప్పు కోసమే తెరిచే ఆర్.డి.కి (నెలనెలా కొంత జమ చేసే బ్యాంకు ఖాతాకు) వెళ్లాలి. నిధి కనీసం మూడు నెలల అవసరానికి, అంటే 81,000కు చేరేదాకా ఆ వరుస తప్పవద్దు. చిట్టీని ఇప్పుడు వేలం పాడి నష్టానికి ఎత్తుకోకండి. బంగారం మీద బ్యాంకు రుణం ప్రైవేటు మిత్తి కన్నా చౌకే, అయినా దానిని ఆసుపత్రి వంటి అవసరాలకు ఉంచుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ గాలివాన, వరద, పిడుగు నష్టాలకు వర్తిస్తుంది. స్థలం విలువను కలపకుండా, తిరిగి కట్టేందుకు అయ్యే ఖర్చు మేరకే తీసుకోండి. రేకుల గదుల సంగతి దరఖాస్తులో దాచకండి. పాతబడి కురిసే స్లాబుకు అది పరిహారం ఇవ్వదు.

చిట్టీ ముగిసి డబ్బు చేతికొచ్చాక ముందు నిధిలోని లోటు పూడ్చండి. వెనక గదుల స్లాబు మాట ఆ తర్వాతే, అదీ ఇంజినీరు గోడలు చూశాకే ఎత్తండి.