ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టమ్మా

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో కొత్తగా చేరినా, నీ మండలంలో హైస్కూలు పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి వస్తున్నావని చదివి చాలా సంతోషించాను. ఈ ఏడాది పదో తరగతి రాస్తున్న ముగ్గురిని వృత్తి శిక్షణకు పంపాలనుకుంటున్నాననీ, సిఫారసు లేఖ నమూనా ఒకటి పంపమనీ అడిగావు. నమూనా తర్వాత పంపుతాను. ఇప్పుడే పంపితే ఖాళీల్లో పేరూ, వైకల్య శాతమూ నింపి పంపించేస్తావేమోనని నా భయం. అలా వెళ్లిన లేఖలు ఆఫీసు ఫైళ్లలోనే ఉండిపోవడం నా సర్వీసంతా చూశాను.

ఈ ముగ్గురి సంగతి ఎలాగూ చూద్దాం. కానీ నీ అసలు పని ఎనిమిదో తరగతి పిల్లలతో మొదలవ్వాలి. పదో తరగతి ఫలితాలు వచ్చాక పిల్లవాడి పేరు బడి రిజిస్టరులో ఉండదు. ఇంటర్లోనో ఐటీఐలోనో చేరకపోతే వాడు ఎవరి లెక్కలోనూ ఉండడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఆ వయసు లోపల వాళ్ల గురించి అడగడానికి నీకు అధికారం ఉంది, అడిగితే జవాబు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ గడువు దాటనివ్వకు. పైగా వెల్డర్, వైర్‌మన్ లాంటి కొన్ని ఐటీఐ ట్రేడులకు ఎనిమిదో తరగతి పాసైతే చాలు. పది తప్పాడని ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి ఈ దారి ఉందని చెప్పేవాళ్లే ఉండరు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సదరం సర్టిఫికెట్ (ఆసుపత్రిలో పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, బడి రికార్డు, ఈ నాలుగింటిలోనూ పేరూ పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉన్నా అప్లికేషన్ ఆగిపోతుంది. చిన్నప్పుడు తీసుకున్న సర్టిఫికెట్ తాత్కాలికమైతే గడువు చూసుకో. స్లాటు దొరికి, ఆసుపత్రిలో చూపించి, కాగితం చేతికొచ్చేసరికి చాలాసార్లు అడ్మిషన్ తేదీ దాటిపోతుంది. ఇంకొక మాట. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక నరసరావుపేట వాళ్లది పల్నాడు, రేపల్లె వాళ్లది బాపట్ల, విజయవాడ వాళ్లది ఎన్టీఆర్ జిల్లా అయింది. విభిన్న ప్రతిభావంతుల (వికలాంగుల) శాఖ సహాయ సంచాలకుల ఆఫీసు ఏ జిల్లాకు ఎక్కడుందో ముందే కనుక్కో. ఆధార్లో ఉన్న అడ్రసు ఏ జిల్లాలోదో చూసుకుని బయలుదేరు. కనుక్కోకుండా వెళ్తే వెనక్కి తిరిగి రావాల్సి వస్తుంది.

ఇప్పుడు లేఖ. ఒక అమ్మాయి గురించి చెబుతాను. ఆ పిల్ల సర్టిఫికెట్ మీద మేధో వైకల్యం అనీ, ఒక శాతమూ ఉంటాయి, అంతే. తల్లి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఏడాదికి సరిపడా కాయలు కొని ఇంటి ముందు ఆరబోసినప్పుడు, ఈ పిల్ల గంటన్నర కూర్చుని తాలు కాయలన్నీ ఏరి పక్కన పోసేది. ఒక్కటి కూడా వదిలేది కాదు. ఎవరైనా కలిపేస్తే కోపం వచ్చేది. ఆ గంటన్నర, ఆ రంగు గుర్తుపట్టడం, పని పూర్తయ్యేదాకా లేవకపోవడం, ఇవీ లేఖలో రాయాల్సినవి. చదివే అధికారికి వెంటనే ఈ పిల్లను ప్యాకింగులోనో, సరుకు వేరుచేసే పనిలోనో ఊహించుకోవడానికి వీలవుతుంది. శాతం చూస్తే ఏమీ ఊహించుకోలేడు.

కాబట్టి ప్రతి పిల్లవాడినీ కొన్నాళ్లు గమనించు. ఒకేసారి రెండు పనులు చెబితే గుర్తుంటాయా, ఒక్కొక్కటిగా చెప్పాలా? బస్సు నంబరు గుర్తుపట్టి ఒంటరిగా ఎక్కి దిగగలడా? డబ్బు లెక్క తెలుసా? బాత్రూముకు ఎవరైనా తోడు కావాలా? మూర్ఛ వచ్చే పిల్లవాడైతే ఆ సంగతి తప్పకుండా శిక్షణ ఇచ్చేవాళ్లకు తెలియాలి, మిషన్ల దగ్గరా వెల్డింగ్ దగ్గరా ప్రాణం మీదికి వస్తుంది. అయితే ఇలాంటి ఆరోగ్య విషయాలు అందరి చేతులూ మారే లేఖలో రాయకు. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, వేరే కవరులో పెట్టి బాధ్యుల చేతికివ్వు. అన్నింటికన్నా ముందు, వాడికి ఏం చేయాలని ఉందో వాడినే అడుగు. మాట రాని పిల్లలైతే సైగలతో అడుగు, పనిచోట్లకు తీసుకెళ్లి చూపించి అడుగు. పదహారేళ్ల పిల్లవాడి మనసులో ఏముందో తెలుసుకోకుండా వాడి బతుకుతెరువు మనం తేల్చడం అన్యాయం.

నీ ముగ్గురి గురించి నాకు తోచింది రాస్తున్నాను. వినికిడి లేని అబ్బాయికి మేనమామ విజయవాడ ఆటోనగర్లో షెడ్డు నడుపుతున్నాడని రాశావు. అది పెద్ద అండ. ముందు ఐటీఐలో ట్రేడు చదివించి తర్వాత అక్కడికి పంపడం మంచిది. సర్టిఫికెట్ ఉంటే అప్రెంటిస్‌గానో, బయట ఫ్యాక్టరీలోనో దారులు తెరిచి ఉంటాయి, మేనమామ దయ మీద బతకక్కర్లేదు. ఏ ట్రేడుకు ఏ వైకల్యం ఉన్నవాళ్లు అర్హులో ఆ ట్రేడు సిలబస్‌లోనే రాసి ఉంటుంది. దాని ప్రింటు తీసి లేఖకు జతచెయ్యి. 'వినపడనివాడికి మిషన్ పని ఎలా ఇస్తాం' అనే ప్రశ్న అప్పుడు తేలిగ్గా తీరిపోతుంది. చేర్చే ముందు ఒకసారి వర్క్‌షాపుకు వెళ్లి అక్కడి మాస్టారితో మాట్లాడు. బోర్డు వైపు తిరిగి చెప్పకుండా అబ్బాయికి ఎదురుగా నిలబడి చెప్పమనీ, ముఖ్యమైనవి రాసి ఇమ్మనీ అడుగు. అడిగితే చాలామంది చేస్తారు.

రెండో అబ్బాయికి కాలిలో వైకల్యం, లెక్కల్లో క్లాసు ఫస్టు అన్నావు. మరి వాడిని డీటీపీ శిక్షణకు ఎందుకమ్మా పంపడం? వాడి చేత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించు, లేదా ఇంటర్లో చేర్పించు. పైచదువుల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఆ 2016 చట్టమే ఇచ్చింది. వైకల్యం ఉంది కాబట్టి చేతిపని అనే ఆలోచన మనలాంటివాళ్లలో కూడా తెలియకుండా ఉండిపోతుంది. ఇక్కడ మాత్రం నేను నీతో గట్టిగానే విభేదిస్తున్నాను.

మూడో అమ్మాయిది మేధో వైకల్యం. ఈ పిల్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. సికింద్రాబాదులోని జాతీయ మేధో వైకల్య సంస్థలో గానీ, దాని కిందే నెల్లూరులో ఉన్న ప్రాంతీయ కేంద్రంలో గానీ సామర్థ్యం అంచనా వేయించవచ్చు. మిగతా వైకల్యాల వాళ్లకు హైదరాబాదులో కేంద్ర కార్మిక శాఖ కేంద్రం ఉంది, ఒకప్పుడు వీఆర్‌సీ (వృత్తి పునరావాస కేంద్రం) అనేవాళ్లం. అక్కడ అంచనా, శిక్షణ, ఉద్యోగాల నమోదు మూడూ చేస్తారు. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, ఏ రోజు రమ్మంటారో కనుక్కుని వెళ్లండి. దగ్గర్లో స్వచ్ఛంద సంస్థ ఏదైనా శిక్షణ ఇస్తుంటే నువ్వే వెళ్లి చూడు. అక్కడ చేసే సరుకు ఎవరు కొంటున్నారు, పిల్లల చేతికి డబ్బు వస్తోందా, శిక్షణ ముగిసి బయట పనిలో చేరినవాళ్లు ఉన్నారా అని అడుగు. ఏళ్ల తరబడి కాగితం కవర్లు అంటిస్తూ కూర్చునే చోటికి మాత్రం పంపకు.

ఇంట్లోవాళ్ల గురించి. పెన్షన్ పోతుందేమోనని ఈ మూడో అమ్మాయి తల్లి శిక్షణకు ఒప్పుకోవడం లేదని రాశావు. ఆమె మీద విసుక్కోకు. 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలైంది. కూలి పని దొరకని నెలలో ఆ ఇంటికి తప్పకుండా వచ్చే డబ్బు అదొక్కటే. 'ఏం పోదులేమ్మా' అని నోటిమాట చెప్పకు. ఆమెను వెంటబెట్టుకుని వాళ్ల ఊరి సచివాలయానికి వెళ్లు. శిక్షణలో చేరితే ఏమవుతుంది, తర్వాత జీతం వస్తే ఏమవుతుంది అని ఆమె ఎదురుగానే అడుగు. పెన్షన్ ఒకటో తేదీన ఇంటి దగ్గర చేతికిస్తారు కదా, పిల్ల హాస్టల్లో ఉంటే ఎలా తీసుకోవాలో కూడా కనుక్కో. ఆ తర్వాత శిక్షణ ఇచ్చే చోటు చూపించు. బాత్రూముకు గడియ ఉందా, ఆడ టీచరు ఉన్నారా, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు అని ఆమె ఎలాగూ చూస్తుంది. చూసి నచ్చితే ఒప్పుకుంటుంది, నచ్చకపోతే ఆమె మాట విను.

ఆ అమ్మాయికి 18 నిండాక బ్యాంకు ఖాతాకో సంతకాలకో సంరక్షకులు కావాలంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది. అవసరమైతేనే ఆ దారి పట్టండి. తన డబ్బు తాను చూసుకోగలిగిన పిల్లకు సంరక్షకులు ఎందుకు?

లేఖ ఇచ్చాక తీసుకున్నవాళ్ల పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకో. వారం తర్వాత ఫోన్ చెయ్యి. చేరాక మొదటి నెలంతా ఆ పిల్లలను కనిపెట్టుకుని ఉండు. బస్సు దొరక్కపోవడం, తోటివాళ్లు ఏడిపించడం, మధ్యాహ్నం తిండి కుదరకపోవడం, పిల్లలు మానేసేది ఇలాంటి వాటికే. నువ్వు ఒక్కసారి వెళ్లి మాట్లాడితే ఇవన్నీ సర్దుకునేవే.

ముగ్గురి గురించీ ఒక్కో పేజీ రాసి ఆదివారం ఇంటికి తీసుకురా. మీ అత్తయ్య కూడా నిన్ను చూసి చాలా రోజులైందంటోంది. వీలైతే ఆ వినికిడి లేని అబ్బాయినీ, వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకురా. నాకు వచ్చిన నాలుగు సైగలతో వాడిని అడగాల్సినవి ఉన్నాయి.

ఇట్లు,
మీ మాస్టారు