పొద్దటి నిద్రనే మెల్లగా జరపండి

అక్కా, పదిహేను నెలల బాబు రెండు వారాలుగ సాయంత్రం పండుకుంటలేడు, రాత్రి పదిన్నర దాకా ఆడుతున్నడు అన్నరు కదా. వయసు సరిపోయింది, చాలామంది 13–18 నెలల మధ్యనే పగటి రెండు నిద్రల నుంచి ఒక్క నిద్రకు వస్తరు.

సాయంత్రం నిద్ర తీసేసి పొద్దటిది 9:30కే ఉంచితే మాత్రం పని చెడుతది. మధ్యాహ్నం నుంచి మెలకువ మరీ ఎక్కువై, అలిసిపోయి రాత్రి ఊకె లేస్తడు. అందుకే పొద్దటి నిద్రనే మూడు రోజులకోసారి 15–20 నిమిషాలు ఆలస్యం చేసుకుంట 12:30కు తేండి. అన్నం 11:30కే పెట్టండి, మెత్తటి పప్పన్నంల నెయ్యి వేసి. ఆకలితో పండుకుంటే తొందరగ లేస్తడు. పదింటికి కండ్లు నలుపుకుంటే నీళ్లతో ఆడించండి, నీడకు తిప్పండి. బండి మీద, ఆటోల వద్దు: పది నిమిషాల కునుకు పడ్డా మధ్యాహ్నం నిద్ర పాడైతది.

ఎండాకాలం మన హన్మకొండల మేడ మీది గది కాలిపోతది. కింది గదిల పరదాలేసి, కూలర్ గాలి నేరుగ తగలకుండ పండబెట్టండి. 3:30 దాటితే లేపండి. గంటకే లేచిన రోజు మళ్లీ పండబెట్టకుండ, రాత్రి నిద్రను అరగంట నుంచి గంట ముందుకు తేండి. ఈ మార్పు కుదురుకునేసరికి కొన్ని వారాలు పడుతది. రోజు మొత్తం మీద 11–14 గంటల నిద్ర రావాలె. గురక గట్టిగ ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి.