జ్వరం అంకె కన్నా ముందు డొక్కలు చూడండి

"పిల్లలకు జ్వరం ఎన్ని డిగ్రీలు దాటితే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాలి?" అని అడిగారు. పన్నెండేళ్లుగా ఒక ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మూడు నెలలు నిండని పసికందుకు 100.4 వచ్చినా వెంటనే బయలుదేరాలి. అంతకు పెద్ద పిల్లలకైతే థర్మామీటరు కన్నా ముందు చొక్కా పైకెత్తి డొక్కలు చూడాలి.

ఒక డిసెంబరు రాత్రి ఎనిమిది నెలల పాపను దుప్పట్లో చుట్టుకుని ఒక తల్లి ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి ఉంది. ఆమె ముందున్న బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే, వాణ్ణి ముందు చూడమని అందరూ తొందరపెడుతున్నారు. "మా పాపది రెండు రోజులుగా ఒకటే దగ్గు, ఏడుపు సిస్టర్, సాయంత్రం నుంచే కాస్త నెమ్మదించి పడుకుంది" అని ఈ తల్లి చెప్పగానే నా గుండె జారింది. దుప్పటి విప్పితే, ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి, ఊపిరి వదిలేటప్పుడు సన్నగా మూలుగుతోంది. గడియారం చూస్తూ నిండా నిమిషం లెక్కపెడితే 72 వచ్చింది. ఆ వయసులో 50 చేరితేనే అది వేగంగా ఊపిరి తీయడం కింద లెక్క. రొమ్ము మీద వేలితో నొక్కి వదిలితే పాలిపోయిన చోట రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పట్టింది, అంటే రక్తప్రసరణ మందగించింది. జ్వరం మాత్రం 99.6.

చీటీ సంగతి పక్కన పెట్టి, తల్లి ఒళ్లోనే ఉంచి ఆక్సిజన్ పెట్టి, డ్యూటీ డాక్టరుగారిని పిలిచాను. షుగర్ 42కి పడిపోయింది. మధ్యాహ్నం నుంచి పాలు తాగలేదట. గ్లూకోజు, యాంటీబయాటిక్ మొదటి డోసు అక్కడే పడ్డాయి. "బీపీ బాగానే ఉంది కదా సిస్టర్" అన్నాడు కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్. పిల్లల్లో బీపీ పడిపోయేది అన్నిటికన్నా చివర అని ఆ కుర్రవాడికి ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు.

నాకు బాధ కలిగించేది ఇదే: ఏడ్చే బిడ్డకు దారి ఇస్తారు, ఏడవలేని బిడ్డను వరుసలో నిలబెడతారు. చీటీ కౌంటరు దగ్గర ఒక్క నర్సు ఉండి, ప్రతి పసిబిడ్డ దుప్పటీ విప్పి చూస్తే ఎందరో బతుకుతారని నేను ఖాయంగా చెప్పగలను. ఇక ఇంట్లో పెద్దవాళ్ల వేలికి పెట్టుకునే ఆక్సిజన్ క్లిప్పునే పసివేలికి తగిలించి, "97 చూపించింది, అందుకే ఆగాం" అనేవారిని నెలకు నలుగురినైనా చూస్తున్నాను. ఆ క్లిప్పు అంత చిన్న వేలికి సరిగ్గా పట్టదు, దాని అంకెను నమ్మకండి.

తెల్లవారుజామున పాప ఆక్సిజన్ గొట్టం పీకి ఏడుపు మొదలుపెడితే తల్లి కంగారుగా నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "ఏడవనివ్వమ్మా" అన్నాను.

మీ ఇంట్లో బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు నిండా నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, పిలిస్తే కళ్లు తెరవకపోయినా జ్వరం ఎంతుందో చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.