లివర్ గాయానికి రెండో సీటీ ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లండి. సైకిల్ మీంచి పడితే హ్యాండిల్ కొస కుడి డొక్కలో గట్టిగా పొడుచుకుంది. సీటీలో లివర్ చీలిందని తేలింది, బీపీ నిలకడగానే ఉంది ఆపరేషన్ అక్కర్లేదని అబ్జర్వేషన్‌లో పెట్టారు. నాలుగు రోజులు బాగున్నాక మళ్ళీ నొప్పి అంటే డాప్లర్ (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్) చేసి, లోపల రక్తనాళం ఉబ్బినట్టుంది ఇంకో సీటీ కావాలంటున్నారు. మొదటిదాంట్లో ఎందుకు కనపడలేదు? అంత రేడియేషన్ పిల్లాడికి పడుతుందా?

జవాబు: తీయించండమ్మా, ఆలస్యం చేయొద్దు. డాప్లర్‌లో చూసింది బహుశా సూడోఎన్యూరిజం అయ్యుంటుంది, అంటే ధమని గోడ చిరిగి రక్తం బయటికొచ్చి చుట్టూ ఉన్న కణజాలంలోనే తిత్తిలా ఆగింది, దానికి గట్టి గోడ ఉండదు కాబట్టి ఎప్పుడైనా పగలొచ్చు. ఇది దెబ్బ తగిలిన రోజే ఉండాలని లేదు, కొన్ని రోజులకి కూడా తయారవుతుంది. ఇంకో కారణం, పిల్లలకి రేడియేషన్ తగ్గించాలని మొదటి సీటీ మామూలుగా ఒక్కసారే తీస్తారు, కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్కాన్‌లో తెల్లగా కనపడటానికి ఇచ్చే మందు) ఎక్కించిన 70 సెకన్లకి అటూ ఇటూగా. అప్పుడు లివర్ చీలిక చక్కగా కనిపిస్తుంది కానీ చిన్న తిత్తి చుట్టూ ఉన్న లివర్‌లో కలిసిపోయి తప్పిపోవచ్చు. ధమనుల్లో కాంట్రాస్ట్ నిండుగా ఉండే మొదటి అర నిమిషంలో తీస్తే అది తెల్లగా మెరుస్తుంది. కాస్త ఆగి తీసినప్పుడు ఆ మెరుపు చుట్టుపక్కల రక్తనాళాలతో పాటే తగ్గిపోతే సూడోఎన్యూరిజం, తగ్గకుండా ఇంకా పాకితే రక్తం కారుతూనే ఉందన్నమాట.

అమెరికా ట్రామా సర్జన్ల సంఘం 2018లో లివర్ గాయాల తీవ్రతకిచ్చే గ్రేడింగ్ మార్చినప్పుడు, చీలిక చిన్నదైనా సరే లివర్ లోపల ఇలాంటి రక్తనాళం గాయం కనిపిస్తే కనీసం గ్రేడ్ 3 అని పెట్టింది, అంత సీరియస్‌గా తీసుకోవాల్సిన విషయం ఇది.

రేడియేషన్ గురించి మీ భయం న్యాయమైనదే. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ చేయగలరా అని అడగండి, సూక్ష్మమైన గ్యాస్ బుడగలున్న మందు నరంలోకి ఎక్కించి చూస్తారు, రేడియేషన్ ఉండదు, తర్వాత ఫాలోఅప్‌కి కూడా చాలా పనికొస్తుంది. అది లేకపోతే మాత్రం సీటీ వద్దనకండి, దాని రిస్క్ చాలా తక్కువ, తిత్తి పగిలితే ప్రాణం మీదకొస్తుంది. నిర్ధారణ అయితే గజ్జల్లోని ధమని గుండా సన్నటి గొట్టం పంపి కాయిల్‌తో (చిన్న లోహపు తీగ చుట్టతో) మూసేస్తారు, పొట్ట కోయక్కర్లేదు.

లక్షణాలేమీ లేని పిల్లలందరికీ మళ్ళీ స్కాన్ చేయాల్సిన పని లేదు, మీవాడికి నొప్పి తిరిగొచ్చింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. ఇంటికెళ్ళాక కూడా కొన్ని వారాలు చూసుకోండి, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కళ్ళు పచ్చబడటం, కుడివైపు నొప్పి, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి లివర్ గాయం సంగతి ముందే చెప్పండి.