గట్టి చెట్టుకు బోరర్ పెట్టే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. బతికున్న గట్టిచెక్క చెట్ల నుంచి కోర్‌లు, అంటే వలయాలు చూడటానికి సన్నటి చెక్క పుల్లలు, తీసే పని నీకు అప్పగించారని, వాటిని తీసే బోలు గొట్టం లాంటి బోరర్ ఏది కొనాలో చెప్పమని రాశావు. పైన్ చెట్ల మీద పనిచేసినవాళ్ల మాట విని కొనెయ్యకు. వాళ్లు మూడు మరల బోరర్, అంటే మొన చుట్టూ స్క్రూకు ఉన్నట్టు మూడు మరలు చుట్టి ఉండేది, మంచిదంటారు. మెత్తచెక్కలో అది నిజమే, ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. ఓక్, టేకు లాంటి వాటిలో దాంతో చేతులు పడిపోతాయి, గొట్టం మెలిపడుతుంది. నువ్వు రెండు మరలది తీసుకో. చుట్లు ఎక్కువైనా ఒక్కో చుట్టుకు బలం తక్కువ చాలు.

కోర్ మందం 4.3 మి.మీ., 5.15 మి.మీ., 12 మి.మీ. అని దొరుకుతాయి. 5.15 ఎంచుకో. సన్నది గట్టిచెక్కలో తేలిగ్గా ముక్కలవుతుంది. 12 మి.మీ. వల్ల చెట్టుకు పెద్ద గాయం, తిప్పడానికి నీ ఒక్కదాని వల్ల కాదు. పొడవు చెట్టు వ్యాసంలో సగానికి కాస్త ఎక్కువుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం మొన పదును. బోరర్ మొనను ఒక కాగితం మీద ఆనించి తిప్పు. గుండ్రటి బిళ్ల చక్కగా తెగి రావాలి. అంచు చిరిగినట్టుంటే సానబెట్టాల్సిందే. మొద్దుబారిన మొన చెక్కను కోయదు, నలుపుతుంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి అక్కడ పదును ఇంకా తొందరగా పోతుంది. లోపల కోర్ ఇరుక్కుంటే ఇనుప పుల్లతో మాత్రం పొడవకు, అంచు పెచ్చులూడుతుంది.

మరలకు తేనెమైనం రాసి, రొమ్ము ఎత్తున, చెట్టుకు సూటిగా నిలబెట్టి నెమ్మదిగా నొక్కుతూ మొదలుపెట్టు. మరలు పట్టేదాకా అటూ ఇటూ కదలనివ్వకు, మొదటి అంగుళంలో వంకర పోతే చివరిదాకా వంకరే. చెట్టు వాలులో ఉంటే వాలుకు అడ్డంగా తీయి. గట్టిచెక్క చెట్లలో వాలు పైవైపున చెక్క తీరు మారిపోయి వలయాలు వెడల్పుగా కనిపిస్తాయి.

మధ్యకు చేరగానే చెంచాను, అంటే కోర్‌ను బయటికి లాగే పొడవాటి సన్నటి రేకును, చివరిదాకా బోర్లా దూర్చి, పిడిని అర చుట్టు వెనక్కి తిప్పు. చిన్నగా టక్కుమంటుంది, కోర్ విరిగినట్టు. చెంచాను మెల్లగా లాగి, ఆ క్షణంలోనే బోరర్ వెనక్కి తిప్పడం మొదలుపెట్టు. కోర్ చూసి మురిసిపోతూ నిలబడకు. నా మొదటి ఏడాది నేను భోజనానికని బోరర్‌ను చెట్టులోనే వదిలి వెళ్లాను. వచ్చేసరికి చెక్క దాన్ని బిగపట్టేసింది. ఇద్దరం వేలాడి సాయంత్రానికి తీశాం, మొన అంచు మాత్రం చెక్కుకుపోయింది. తిప్పుతుండగా ఉన్నట్టుండి వదులైతే లోపల పుచ్చు ఉన్నట్టు, ముందుకు పోకు. పుచ్చులో మరలకు పట్టు దొరకదు, వెనక్కి రాదు.

డ్రిల్లుకు తగిలించే బోరర్ గురించి అడిగావు. రోజుకు యాభై చెట్లుంటే సరే, తక్కువ వేగంలో వాడు. లేదంటే చేత్తోనే తిప్పు. చెక్క ఎంత బిగిసిందో చేతికి తెలిసినంతగా యంత్రానికి తెలియదు.

ఇక చెట్టు సంగతి. పైన్ రంధ్రాన్ని తన బంకతో నింపుకుంటుంది. గట్టిచెక్క చెట్లకు ఆ సౌకర్యం లేదు. అవి గాయం చుట్టూ గోడ కట్టుకుంటాయి, ఈలోపు రంగు మారిన చెక్క చార రంధ్రానికి పైకీ కిందకీ పాకుతుంది. బిర్చ్, పాప్లర్‌లకు ఇది ఎక్కువ. రంధ్రంలో చెక్క మేకు కొట్టి మూయాలనిపిస్తుంది, ఆ పని చేయకు, తేమ చిక్కుకుంటుంది. చెట్టుకూ చెట్టుకూ మధ్య బోరర్‌ను ఆల్కహాల్‌తో తుడువు, లేకపోతే ఒకదాని రోగం ఇంకొకదానికి నువ్వే మోస్తావు. ఒక్క కోర్‌తో పని జరిగే చోట రెండోది తీయకు.

తీసిన కోర్‌ను ప్లాస్టిక్ గొట్టంలో పెడితే బూజు పడుతుంది. కాగితపు స్ట్రాలో పెట్టి, చెట్టు నంబరు, తేదీ, ఏ వైపు తీశావో అక్కడికక్కడే పెన్సిల్‌తో రాయి.

నా పాత రెండు మరల బోరర్ సానబట్టి పంపుతున్నాను. కొత్తది కొనేదాకా దాంతో పని జరుపుకో. దారిలో మొన దేనికైనా తగిలి ఉండొచ్చు, మొదటి చెట్టు దగ్గరికి వెళ్లే ముందు కాగితం మీద ఒకసారి తిప్పి చూసుకో.

నీ పెద్దనాన్న