అందరి చేతిలో ఒకే బైబిల్ ఉంటే ఇన్ని సంఘాలెందుకు?

"వాక్యమే మాకు అధికారం అని అందరూ అంటారు కదా, మరి ఇన్ని డినామినేషన్లు (క్రైస్తవ శాఖలు) ఎందుకు?" అని ఒకరు అడిగారు. డబ్బు కోసం, పదవుల కోసం అని చాలామంది తేల్చేస్తారు. అవీ ఉన్నాయి కానీ అసలు చిక్కు అక్కడ లేదు. రెండు వచనాలు ఎదురుబొదురుగా నిలబడితే దేన్నిబట్టి దేన్ని అర్థం చేసుకోవాలో చెప్పేదెవరు? తగువంతా అక్కడే.

1529 అక్టోబరు, జర్మనీలోని మార్‌బర్గ్ కోట. ప్రొటెస్టెంట్లను, అంటే పోపు అధికారం కాదని విడిపోయినవాళ్లను, ఒక్కటి చెయ్యాలని హెస్సె ప్రభువు ఫిలిప్, వాళ్ల నాయకులైన లూథర్‌నీ జ్యూరిక్ బోధకుడు జ్వింగ్లీనీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. లూథర్ ముందే సుద్దముక్కతో బల్లమీద "హోక్ ఎస్ట్ కార్పస్ మేయుం", అంటే చివరి భోజనంలో రొట్టె ఇస్తూ యేసు అన్న "ఇది నా శరీరము" అనే మాట లాటిన్‌లో రాసి, పైన మఖమల్ గుడ్డ కప్పాడు. "ఎస్ట్" అంటే మామూలుగా "అయి ఉంది" అని; ఇక్కడ మాత్రం "సూచిస్తుంది" అనే అర్థమని జ్వింగ్లీ పట్టు. యోహాను 6:63 తీశాడు: "శరీరము కేవలము నిష్‌ప్రయోజనము". ఈ వచనం మీ మెడ విరుస్తుందన్నాడు. అది ప్రభువు శరీరం గురించి చెప్పిన మాట కాదని లూథర్. లేఖనం చూపించమంటే గుడ్డ ఎత్తి సుద్ద రాత చూపించాడు. 15 అంశాల్లో 14 కుదిరాయి. చివరిదాంట్లోనూ చాలావరకు కుదిరి, రొట్టె ద్రాక్షారసాల్లో క్రీస్తు శరీర రక్తాలు శారీరకంగా ఉన్నాయా అన్న ఒక్కచోట ఆగిపోయింది.

తెలుగు బైబిల్లో ఈ గొడవ కనిపించను కూడా కనిపించదు. "ఇది నా శరీరము" అన్నప్పుడు మనకు క్రియాపదమే లేదు. మూలమైన గ్రీకులో "ఎస్తిన్" (అయి ఉంది) అనే క్రియ ఉంది. యేసు మాట్లాడిన అరామిక్‌లో మనలాగే అది అక్కర్లేదు. అందుకే ముందూ వెనకా చదవకుండా ఒక్క తెలుగు వచనం పట్టుకుని "వాక్యం స్పష్టంగా చెబుతోంది" అని మైకులో గద్దించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

కతోలికులకు తీర్పరి ఉన్నాడు. కతోలిక సభ పట్టుకున్న అర్థానికి విరుద్ధంగా లేఖనాలకు సొంత అర్థం చెప్పకూడదని 1546లో ట్రెంట్‌లో కూడిన కతోలిక మహాసభ తీర్మానించింది. పోపులూ మహాసభలూ కూడా పొరబడ్డారని లూథర్ 1521లోనే జర్మనీలోని వోర్మ్స్‌లో అన్నాడు. ప్రొటెస్టెంట్లకు తీర్పరి లేకపోవడం నిజంగా లోటే, ఒప్పుకోవాలి.

మన దగ్గర కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)గా ఏర్పడడం కూడా ఇలాంటి ముడి దగ్గరే ఏళ్లతరబడి ఆగింది: బిషప్ చేతిమీదుగా ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) పొందని పాస్టరు పాస్టరేనా? తమిళనాడులోని తరంగంబాడిలో 1919లో మొదలైన చర్చలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ముగిశాయి. ఉన్న పాస్టర్లకు మళ్లీ ఆర్డినేషన్ అక్కర్లేదు, ఇకపై మాత్రం బిషప్పే చెయ్యాలి అన్న ఒప్పందంతో కలిశారు. దానికోసం అంతగా పాటుపడ్డ డోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945లోనే కన్నుమూశారు. గుంటూరు లూథరన్లు ఆ కలయికలో చేరలేదు.